రోజూ ఒకేలా కుదరనివాళ్ల నిత్యపూజ

దినచర్య మీద వీడియో చేసినప్పుడల్లా మనవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటుంది. "నాకు షిఫ్ట్ డ్యూటీ. తెల్లవారుజామున లేవడం కుదరదు. పూజ మొదలుపెట్టి మధ్యలో మానేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది కదా?" రెండు నిమిషాల్లో చెప్పి వదిలేసే విషయం కాదిది. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. మన పెద్దలు ఇచ్చిన దినచర్య ఒకే ఒక్క టైమ్‌టేబుల్ కాదు. పూజకైనా, స్నానానికైనా, ఉపవాసానికైనా పెద్ద రూపం ఉంది, చిన్న రూపం ఉంది, ఒంట్లో బాగాలేనప్పటి రూపం ఉంది. పూర్తిగా ఆపాల్సిన రోజులు కూడా ఉన్నాయి. మనం పెద్ద రూపం ఒక్కటే పట్టుకుని, అది కుదరని రోజున మొత్తం వదిలేస్తున్నాం. మెట్రోలో వెళ్తూ మన వీడియో చూస్తుంటే నెట్ స్లో అవుతుంది. అప్పుడు వీడియో ఆగిపోదు, బొమ్మ మసకబారుతుంది, మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. మళ్లీ సిగ్నల్ రాగానే బొమ్మ తేటపడుతుంది. మన ఇంట్లో దీపం కూడా అలా నడవాలి.

ముందు బ్రాహ్మీ ముహూర్తం సంగతి చూద్దాం, ఎక్కువ భయం దాని గురించే కాబట్టి. ముహూర్తం అంటే రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు బ్రాహ్మీ ముహూర్తం మొదలై, 48 నిమిషాల ముందు ముగుస్తుంది. అంటే అది గడియారం మీద కదలకుండా ఉండే టైమ్ కాదు, సూర్యుడితో పాటు జరుగుతుంది. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో సుమారు 5:40కి సూర్యోదయం, జనవరి చివర్లో సుమారు 6:50కి. అంటే ఎండాకాలం చివర్లో 4:05 ప్రాంతంలో మొదలయ్యే బ్రాహ్మీ ముహూర్తం చలికాలంలో 5:15 దగ్గరికి వస్తుంది. గంటకు పైగా తేడా! లండన్‌లో ఉన్న మనవాళ్ల పరిస్థితి ఇంకా విచిత్రం. జూన్‌లో అక్కడ సుమారు 4:45కే తెల్లవారుతుంది, డిసెంబర్ చివర్లో 8 దాటాక. వాళ్లు ఏడాది పొడవునా 4:30 అలారం పెట్టుకుంటే ఒక కాలంలో అది ముహూర్తం దాటిపోయాక మోగుతుంది, మరో కాలంలో అర్ధరాత్రి లెక్కలో మోగుతుంది. "365 రోజులూ 4:30" అన్న నియమం రీల్స్ నుంచి వచ్చింది, పంచాంగం నుంచి కాదు.

ఇంకో మాట. ఆయుర్వేదంలో వాగ్భటుడి అష్టాంగహృదయం పేరు వినే ఉంటారు. అందులో సూత్రస్థానం రెండో అధ్యాయమే దినచర్య. బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలని మొదటే చెప్తాడు, నిజమే. కానీ ఎవరు లేవాలి? స్వస్థుడు, అంటే ఆరోగ్యంగా ఉన్నవాడు. ఆ ఒక్క పదం మనవాళ్లు చదవకుండా దాటేస్తారు. జ్వరం వచ్చినవాడు, రాత్రంతా పనిచేసినవాడు, మూడు నెలల పసిపాపను ఎత్తుకుని తెల్లవార్లూ తిరిగిన తల్లి ఆ మాటలోకి రారు. దినచర్య అయిపోగానే మూడో అధ్యాయం ఋతుచర్య. అంటే రోజుకు నియమం చెప్పిన వెంటనే, కాలాన్ని బట్టి దాన్ని ఎలా మార్చుకోవాలో చెప్పాడన్నమాట. వ్యాయామం గురించి కూడా అంతే: బలం ఉన్నవాళ్లు, మంచి తిండి తినేవాళ్లు చలికాలంలోనూ వసంతంలోనూ సగం శక్తి వరకు చేయాలి, మిగతా కాలాల్లో ఇంకా తక్కువ. మే నెల ఎండలో జిమ్‌లో పడిపోయేదాకా చేసి దాన్ని తపస్సు అనుకునేవాళ్లు ఇది ఒకసారి చదవాలి.

నిద్ర దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నాతో ఒకే ఫ్లాట్‌లో ఉండే స్నేహితుడిది అమెరికా షిఫ్ట్. తెల్లవారుజామున 3:30కి లాగౌట్, క్యాబ్‌లో ఇల్లు చేరేసరికి 4:15. "ఎలాగూ మెలకువగానే ఉన్నాను కదా, బ్రాహ్మీ ముహూర్తం కలిసొచ్చింది" అని స్నానం చేసి, గంటసేపు పూజ, జపం చేసుకుని ఆరింటికి పడుకునేవాడు. పదిన్నరకల్లా లేవాలి, పదకొండుకి కాల్ ఉంటుంది. రోజుకు నాలుగున్నర గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు బండి మీద వెళ్తూ సిగ్నల్ దగ్గర కునికిపాటు పడ్డాడు. వెనకాల వాళ్లు హారన్ కొట్టేదాకా తెలియలేదట. బండి ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. ఆ పూజలో లోపం ఏమీ లేదు, భక్తిలో అసలే లేదు. పెట్టిన చోటు తప్పు, అంతే.

భగవద్గీత ఆరో అధ్యాయం ఆత్మసంయమ యోగం. అందులో 16, 17 శ్లోకాలు తీసి చూడండి. అతిగా తినేవాడికి యోగం కుదరదు, బొత్తిగా తిననివాడికీ కుదరదు. అతిగా నిద్రపోయేవాడికి కుదరదు, నిద్ర మానుకునేవాడికీ కుదరదు. తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ తగినంతగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని అర్జునుడితో కృష్ణుడు చెప్పిన మాట. ఆ "తగినంత" ఎంత అని కొలత పెట్టలేదు, ఎవరి ఒంటికి తగ్గది వాళ్లే చూసుకోవాలి. వాగ్భటుడైతే ఆపకూడని శరీర వేగాల జాబితాలో ఆకలి, దప్పిక, మూత్రంతో పాటు నిద్రను కూడా చేర్చాడు. (మూడు గంటల మీటింగ్‌లో బాత్రూమ్‌కి లేవకుండా కూర్చునేవాళ్లూ, ఆ జాబితా మీ గురించి కూడా.)

మరి రాత్రి మేలుకోక తప్పకపోతే? దానికీ సమాధానం ఉంది. అదే గ్రంథం ఏడో అధ్యాయంలో, అలవాటు లేకుండా రాత్రి మేలుకుంటే ఆ మేలుకున్న సమయంలో సగం మర్నాడు పొద్దున ఏమీ తినకముందు నిద్రపోవాలని ఉంది. ప్రొడక్షన్‌లో ఏదో పగిలి రాత్రి 11 నుంచి 5 దాకా ఆన్‌కాల్‌లో కూర్చున్నారనుకోండి, ఆరు గంటల జాగరణ. పొద్దున మూడు గంటలు పడుకోండి. ఆ పూట పొద్దెక్కి లేచినందుకు తప్పు చేసినవాళ్లలా తలదించుకోనక్కర్లేదు, శాస్త్రం చెప్పిందే చేశారు.

నా స్నేహితుడిలా రోజూ నైట్ షిఫ్ట్ ఉన్నవాళ్లకు ఈ సగం లెక్క సరిపోదు. వాళ్లు ఇల్లు చేరగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కిటికీకి మందపాటి కర్టెన్ వేసి పడుకోవాలి. వాడు ఇప్పుడు చేస్తున్నది ఇదే. టీమ్‌తో మాట్లాడి ఆ కాల్ మధ్యాహ్నానికి జరిపించుకున్నాడు. పన్నెండింటికి లేచి స్నానం చేసి దీపం పెడతాడు. వాళ్ల అమ్మగారికి ఫోన్‌లో చెప్తే మొదట "మిట్టమధ్యాహ్నం దీపమేంట్రా నాన్నా" అన్నారట. కాసేపు ఆగి ఆవిడే "సరేలే, లేచి స్నానం చేశాక నోట్లో ఏదైనా వేసుకునే ముందు పెడుతున్నావుగా, అది చాలు" అన్నారు. అసలు మనకు సంధ్యలు మూడు: ప్రాతఃకాలం, మధ్యాహ్నం, సాయంకాలం. మధ్యాహ్నం దేవుణ్ణి తలుచుకోవడం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

సంధ్య అన్నాను కాబట్టి ఇదొకటి చెప్పాలి. ఉపనయనం అయినవాళ్లకు తెలిసే ఉంటుంది. ఉదయ సంధ్యకు నక్షత్రాలు కనిపిస్తుండగా చేస్తే ఉత్తమం, నక్షత్రాలు పోయాక మధ్యమం, సూర్యుడు వచ్చాక అధమం అని మూడు మెట్లు చెప్తారు. ఆ మూడో మెట్టు పేరు వినడానికి బాగుండదు, కానీ అదీ లెక్కలోకి వస్తుంది. చేయనట్టు కాదు. సమయం దాటిపోతే మామూలుగా ఇచ్చే మూడు అర్ఘ్యాలతో పాటు ప్రాయశ్చిత్తార్ఘ్యం అని ఇంకొకటి ఇచ్చి కొనసాగిస్తారు. చూడండి, ఆలస్యం అవుతుందని వాళ్లకు ముందే తెలుసు! ఆలస్యమైతే ఏం చేయాలో ఆ విధిలోనే పెట్టేశారు. కోడ్ రాసేవాళ్లకు ఇది చూస్తే ముచ్చటేస్తుంది.

పూజకు కూడా మెట్లున్నాయి. షోడశోపచారాలు పదహారు, ఆవాహనం దగ్గర్నుంచి. తీరిక ఉన్న రోజున, పండగ రోజున అవి. అంత కుదరకపోతే పంచోపచారాలు: గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం. ఐదు నిమిషాల పని. నైవేద్యానికి బెల్లం ముక్క చాలు, అరటిపండు చాలు. అదీ కుదరకపోతే మానస పూజ. శంకరాచార్యుల పేరు మీద మనం చెప్పుకునే శివమానస పూజా స్తోత్రంలో రత్నాల సింహాసనం నుంచి నైవేద్యం దాకా అన్నీ మనసులో కల్పించి ఇచ్చేవే. హాస్టల్‌లో నలుగురున్న గదిలో అగరొత్తి వెలిగిస్తే పక్కవాడు దగ్గుతాడు, ఫైర్ అలారం మోగుతుంది. అక్కడ మానస పూజే సరైన పూజ. దాన్ని "ఏదో సరిపెట్టుకోవడం" అని తక్కువ చేయకండి. కళ్లు మూసుకుని ఐదు ఉపచారాలూ మనసు చెదరకుండా పూర్తి చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

స్నానానికీ అంతే. జ్వరంగా ఉన్నప్పుడు తలస్నానం చేస్తేనే దీపం దగ్గరికి వెళ్లాలని మొండికేసేవాళ్లున్నారు. నీళ్లతో చేసేది ఒక్కటే స్నానం కాదు. మంత్రస్నానం అని నీళ్లు చిలకరించుకునేది ఉంది, విభూతితో ఆగ్నేయ స్నానం ఉంది, విష్ణువును తలుచుకునే మానస స్నానం ఉంది. ఒంట్లో బాగాలేనివాళ్లు తడిబట్టతో ఒళ్లు తుడుచుకుంటే సరిపోతుందనీ చెప్పారు. ఒంటికి నూనె రాసుకోవడం గురించి వాగ్భటుడు చెప్పింది నాకు భలే నచ్చుతుంది: రోజూ రాసుకోమంటాడు, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు వదలొద్దంటాడు. ఒళ్లంతా మర్దనా చేసుకునే తీరిక ఎవరికుంది? పడుకునే ముందు పాదాలకు రెండు చుక్కల నువ్వుల నూనె రాసుకోవడానికి మాత్రం ఎవరికైనా కుదురుతుంది.

ఇప్పుడు ఉపవాసం. ఈ ఒక్కదాని గురించి దయచేసి తొందరగా చదివి వెళ్లిపోకండి.

మా టీమ్‌లో ఒక అక్క ఉంది. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటుంది. ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టదు, కాబట్టి మాత్ర కూడా వేసుకునేది కాదు. ఒక ఏకాదశికి సాయంత్రం లిఫ్ట్ దగ్గర కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆఫీసు నర్సు వచ్చి బీపీ చూసి ఆసుపత్రికి పంపించింది. ఏమీ కాలేదు, మర్నాడు వచ్చేసింది. "మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడిపోతుంది కదా, అందుకే" అంది.

చెడిపోదు. ఇది నా సొంత మాట కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతుల్లో, వ్రతాన్ని భంగం చేయనివి ఎనిమిది అని లెక్క ఉంది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. నీళ్లూ ఉన్నాయి, మందూ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు "మాత్ర రేపు వేసుకుంటాలే" అంటే ఈ మాట చెప్పండి. డాక్టరు మాట వినని అమ్మమ్మలు విదురుడి మాట వింటారు. ఒకవేళ మీరు షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటుంటే, గర్భంతో ఉంటే, ఉపవాసం ఉండొచ్చా లేదా అన్నది ముందు మీ డాక్టర్‌ని అడగాలి. తిండి మానేసి ఇన్సులిన్ మామూలుగా తీసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. అలాగని మీ అంతట మీరు డోసు మార్చడం కూడా ప్రమాదమే.

పూర్తి ఉపవాసం ఒక్కటే ఉపవాసం కాదు కూడా. పగలు ఒక్కపూట తింటే ఏకభుక్తం. పగలంతా ఆగి రాత్రి మాత్రమే తింటే నక్తం. కార్తీక సోమవారాలు చుక్కను చూసి భోంచేస్తారే, అదే. మీ ఇంట్లో అమ్మ "నక్తాలు ఉంటున్నాను" అంటే అది తగ్గు రకం ఉపవాసం కాదు, పేరున్న నియమం. పొద్దున తొమ్మిదికి స్టాండప్, రాత్రి ఎనిమిదికి రిలీజ్ ఉన్న రోజున ఏకభుక్తం చేసుకోండి, మధ్యాహ్నం శుభ్రంగా పప్పన్నం తిని. ఆకలితో చిరాకుపడి జూనియర్ల మీద అరుస్తూ ఉండే ఉపవాసం వల్ల ఎవరికి లాభం?

యాప్‌లలో "స్ట్రీక్" అని ఉంటుంది కదా, వరుసగా 67 రోజులు చేశారు, ఈరోజు మానేస్తే సున్నా. మన పూజగదిలో అలాంటి లెక్క ఎప్పుడూ లేదు. ఇంట్లో పురుడు వచ్చినా, ఎవరైనా పోయి మైల వచ్చినా దీపం పెట్టడం ఆపేస్తారు. ఆ రోజులు అయ్యాక ఇల్లు కడిగి, శుద్ధి చేసుకుని, మళ్లీ మామూలుగా మొదలుపెడతారు. మా నానమ్మ అరవై ఏళ్లు దీపం పెట్టి ఉంటుంది, అందులో ఎన్నిసార్లు ఆగిందో ఆవిడకే గుర్తులేదు. "నా స్ట్రీక్ పోయింది" అని ఎవరూ ఏడవరు. ఆపడం కూడా ఆచారంలో భాగమే. సంవత్సరం కూడా సమానంగా ఉండదు. డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా ధనుర్మాసం, ఆ నెలంతా తెల్లవారుజామునే లేచి తిరుప్పావై చదువుకుంటారు. తిరుమలలో కూడా ఆ రోజుల్లో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. కార్తీకం ఇంకొక నెల. అలాంటి నెలల్లో గట్టిగా చేసి, మిగతా రోజుల్లో మామూలుగా ఉండేవాళ్లు. పన్నెండు నెలలూ ధనుర్మాసంలా బతకమని ఎవరూ అడగలేదు.

"అయితే బద్ధకానికి సాకు దొరికినట్టే" అనేవాళ్లుంటారు. న్యాయమైన మాటే. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, చిన్న రూపం ఏమిటో ముందే నిర్ణయించుకున్నామా, లేక ఆ పూట మంచం మీద పడుకుని నిర్ణయిస్తున్నామా అన్నదాంట్లో. నాకైతే తీరిక ఉన్న పొద్దున దీపం, పంచోపచారం, విష్ణు సహస్రనామం. ఆఫీసుకు వెళ్లే రోజు దీపం, పన్నెండు కేశవనామాలు. ఒంట్లో బాగాలేకపోయినా, ప్రయాణంలో ఉన్నా కళ్లు మూసుకుని ఆ పన్నెండు నామాలు. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పూజ అల్మరా తలుపు లోపలివైపు అంటించాను. పొద్దున్నే ఆలోచించే పని లేదు, మూడింట్లో ఏది కుదిరితే అది.

ఇక నిజంగా తొందరగా లేవడం అలవాటు చేసుకోవాలంటే మెల్లగా రండి. మళ్లీ వాగ్భటుడి ఏడో అధ్యాయమే. పాత అలవాటును నాలుగో వంతు చొప్పున, అదీ ఎక్కువైతే ఆ నాలుగో వంతులో నాలుగో వంతు చొప్పున వదలమంటాడు, మధ్యలో కొంత ఎడం ఇస్తూ. మంచి అలవాటైనా సరే, ఒక్కసారిగా మొదలుపెడితే ఒంటికి చేటు చేస్తుందని హెచ్చరిస్తాడు. లెక్క వేసుకుందాం. ఇప్పుడు ఎనిమిదింటికి లేస్తున్నారు, ఆరింటికి లేవాలని ఉంది. రెండు గంటల తేడా. అందులో నాలుగో వంతు అరగంట. ఏడున్నరకు లేవడం ఒక వారం, ఆ తర్వాత ఏడు. అరగంట కూడా కష్టమైతే దాంట్లో నాలుగో వంతు, ఏడున్నర నిమిషాలు. దాంతో పాటు పడుకునే టైమ్ కూడా అంతే ముందుకు జరగాలి, అది మర్చిపోతే నిద్ర తగ్గించుకోవడమే అవుతుంది. రాత్రి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి పడుకోండి. అలారం కోసం ఫోన్ పక్కన ఉండాలంటారా, చిన్న అలారం గడియారం ఒకటి కొనుక్కోండి.

ఆఖరుగా ఫ్లాట్‌లలో ఉండేవాళ్లకు ఒక జాగ్రత్త. హడావుడిగా ఆఫీసుకు వెళ్లే రోజున ప్రమిద నిండా నూనె పోసి, వెలుగుతున్న దీపాన్ని అలాగే వదిలి తలుపు తాళం వేయకండి. చెక్క అల్మరా, పైన ప్లాస్టిక్ తోరణం, పక్కన కర్టెన్, ఇంట్లో ఎవరూ ఉండరు. కొంచెం నూనె, చిన్న ఒత్తి పెట్టుకుంటే మీరు టిఫిన్ తిని బయల్దేరేలోపు దీపం తనంతట తనే కొండెక్కుతుంది. మీ ప్రమిదలో ఎంత నూనెకు ఎంతసేపు వెలుగుతుందో ఒక ఆదివారం ఫోన్‌లో టైమర్ పెట్టి చూసుకోండి.